రెండోసారి తూకం

ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ తూకం బాబాయ్ అనేవాళ్ళు. అసలు పేరు గేటు దగ్గర హాజరు పుస్తకంలో ఉండేది గానీ దాంతో ఎవరికీ పని పడేది కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే గదిలో, ఒకే బల్ల ముందు, ఒకే స్టూలు మీద కూర్చుని ఆయన చేసిన పని ఒక్కటే. అరగడానికి ముందు ఒక ముక్కని తూచడం, అరిగాక మళ్ళీ తూచడం, తేడా ఎంతో రాయడం. ఇంత మాత్రానికి ఒక మనిషి జీవితమంతా పట్టిందా అని మీరు నవ్వొచ్చు. ఆయన భార్య కూడా నవ్వేది.

ఆ ఫ్యాక్టరీ ప్లాస్టిక్ బుష్షులు చేస్తుంది. తిరిగే ఇరుసుకీ, దాన్ని మోసే ఇనుముకీ మధ్య తొడిగే గొట్టం ముక్కని బుష్షు అంటారు. ఉత్త నైలాన్‌తో చేస్తే నాలుగు రోజుల్లో అరిగి చేతికొస్తుంది కాబట్టి అందులో సన్నటి గాజు పోగులు కలుపుతారు. ఎంత కలిపితే ఎంతకాలం నిలుస్తుందో నోటిమాటగా చెప్పలేరు, అరగదీసి చూడాల్సిందే. ఆ అరగదీసే మెషిన్ బాబాయ్‌ది. దాని మీద అద్దంలా నునుపు చేసిన స్టీలు పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. బుష్షుకి వాడే ప్లాస్టిక్‌తోనే చేసిన చిటికెన వేలంత పిన్నుని దాని మీద నిలబెట్టి, పైన బరువు పెట్టి, గంటల తరబడి రుద్దనిస్తారు. మొదటి గంటలో పిన్ను గబగబా అరుగుతుంది. ఆ పొడిలో కొంత కింద రాలుతుంది, కొంత స్టీలుకి అంటుకుని గోధుమరంగు పొర కడుతుంది. ఒకసారి పొర కట్టిందంటే ఇక ప్లాస్టిక్ ప్లాస్టిక్ మీదే జారుతుంది, అరుగుదల బాగా తగ్గిపోతుంది. బాబాయ్‌కి ఆ పొరంటే ప్రాణం. కొత్తగా చేరినవాళ్ళు మురికనుకుని తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

"మా ఇంట్లోనూ అంతే. మొదటి ఏడాది ఒకళ్ళనొకళ్ళం గీరుకుని పొట్టు రాలిపోయాం. తర్వాత పొర కట్టింది. ఇప్పుడు హాయిగా తిరుగుతున్నాం" అనేవాడు.

ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి భార్య చెవికి చేరింది. "అరిగింది నేనూ, తిరిగింది మీరూనా?" అని అడిగిందావిడ.

పెళ్ళిలో ఆయనకి భార్యతో పాటు ఆరేళ్ళ బావమరిది కూడా వచ్చాడు. తల్లి పోయిన తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడ. వాణ్ణి వదిలి రానని పెళ్ళిచూపుల్లోనే తేల్చి చెప్పేసింది. ఆయన సరేనన్నాడు. తర్వాత వాళ్ళకి పిల్లలు పుట్టలేదు, ఆ లోటు మాట ఎవరూ పెద్దగా ఎత్తనూ లేదు, ఎందుకంటే ఇంట్లో ఒకడున్నాడు. వాడికి సైకిల్ తొక్కడం, స్పానర్ పట్టుకోవడం నేర్పింది బాబాయే. జ్వరమొస్తే భుజాన వేసుకుని పరుగెత్తిందీ ఆయనే. వాడు మాత్రం పెద్దయ్యాక కూడా బావంటే గౌరవాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చేవాడు.

"ఏం బావా, ఇవాళ ఎన్ని ఆవగింజలు అరిగాయి?"

ఆ వేళాకోళం రోజూ ఉండేదే. బాబాయ్ ఒకరోజు పోపుల డబ్బాలోంచి నాలుగు ఆవగింజలు కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్ళి, తన తూకం మెషిన్ మీద పెట్టి తూచి వచ్చాడు. "ఒక్కో గింజా రెండు మిల్లీగ్రాములురా. ఇకమీదట లెక్క తప్పు చెప్పకు" అన్నాడు. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఆవగింజ ఒక కొలత అయిపోయింది.

బావమరిదికి ఇప్పుడు ముప్ఫై ఆరు. పెద్ద లాండ్రీలో మెకానిక్. మూడు ఆసుపత్రుల దుప్పట్లు అక్కడికే వస్తాయి. ఎనిమిది డ్రమ్ములున్నాయి, ఒక్కోటీ గది తలుపంత వెడల్పు. ఉతకడం అయ్యాక డ్రమ్ము ముందుకి వంగి, తడిసి బండల్లా అయిన దుప్పట్లని తోపుడుబండిలోకి వంపుతుంది. వంగిన డ్రమ్ము కింద చెయ్యి పెట్టకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దుప్పటి అంచుకి చుట్టుకుని వేలాడితే మాత్రం అందరూ చేత్తోనే లాగుతారు, ఎందుకంటే డ్రమ్ముని మళ్ళీ పైకెత్తి దించాలంటే పావుగంట పోతుంది.

తూకం దగ్గర బాబాయ్‌తో పరాచికాలు కుదరవు. కిటికీ తెరిచి ఉంటే తూచడు. వేలు తగిలిన పిన్నుని స్పిరిట్‌తో తుడవనిదే తూచడు. గదిలో ఎవరైనా గట్టిగా నవ్వితే ఆ నవ్వు ఆగేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా గోడ మీద తన చేతిరాతతో ఒక కాగితం అంటించుకున్నాడు. 'నీళ్ళలో రుద్దిన పిన్నుని ఓవెన్‌లో ఒక రోజంతా ఆరబెట్టి తూచాలి. మళ్ళీ ఒక రోజు ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. రెండు తూకాలూ కలిస్తేనే రాయాలి.' నైలాన్ నీళ్ళు తాగుతుంది మరి. పైన అరుగుతూనే లోపల నీళ్ళు తాగి బరువెక్కుతుంది. ఆరబెట్టకుండా తూస్తే, పోయిన బరువుని తాగిన నీళ్ళు కప్పేస్తాయి. ఈ సంగతి ఆ ఫ్యాక్టరీలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే. నాకు ఆయన మీద జాలి ఎంత ఉందో కోపమూ అంతే ఉంది, కారణం ఇదే.

ఆయనకి చాలాకాలంగా ఒక ఆలోచన ఉండేది. గాజు పోగులు బరువుని బాగా మోస్తాయి గానీ చుట్టూ ఉన్న నైలాన్ అరిగిపోతే బయటికి తేలి ఇరుసుని గీకుతాయి. అందుకని గాజుతో పాటు, అంటుకోని పెనాలకి పూత వేస్తారే, ఆ తెల్లటి జారుడు పొడి కూడా కలిపి చూడాలని ఆయన వాదన. వచ్చిన ఇంజనీరుకల్లా చెప్పేవాడు. వాళ్ళు తలూపి పెడచెవిన పెట్టేవాళ్ళు. తూకం వేసేవాడు పాకం చెప్పడమేమిటని వాళ్ళ ఉద్దేశం.

చివరికి కొత్తగా వచ్చిన ల్యాబ్ మేనేజరు విన్నది. వయసులో చిన్నది, మాట మెత్తన. నూటికి గాజు ముప్ఫై పాళ్ళు, పొడి పదిహేను పాళ్ళు కలిపించి, డబ్బా మీద తన చేత్తోనే 'బాబాయ్ మిశ్రమం' అని రాసింది. ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు. పొడిగా రుద్దినప్పుడు ఆ మిశ్రమం నిజంగానే బంగారంలా పనిచేసింది. పొర కట్టడం అరగంటలో అయిపోయింది. అదే సమయానికి బావమరిది పనిచేసే లాండ్రీ వాళ్ళు డ్రమ్ముల ఇరుసులకి బుష్షులు కావాలన్నారు. లాండ్రీ అంటే పొద్దస్తమానం తడి. నీళ్ళలో రుద్ది చూడాలి.

మూడు రోజులు పిన్ను నీళ్ళలో తిరిగింది. మూడో రోజు పిన్ను బయటికి తీసే వేళకి ఓవెన్ కాయిల్ కాలిపోయి ఉంది. కొత్తది రావాలంటే మూడు వారాలు పడుతుందన్నారు. బాబాయ్ పిన్నుని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. గొట్టంతో గాలి కొట్టాడు. ఫ్యాన్ కింద గంటసేపు పెట్టాడు. ఊరికే చూద్దామని తూచాడు.

తేడా రెండు మిల్లీగ్రాములు.

నీళ్ళలో అంత తక్కువ అరుగుదల ఆయన ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ చూడలేదు. ఇంకే పిన్ను అయినా ఆ అంకె చూడగానే అనుమానంతో కనుబొమలు ముడిచేవాడు. ఇది తన మిశ్రమం. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనైతే ఆ క్షణంలో ఆయన్ని తప్పు పట్టలేను. ఆ తర్వాత జరిగినదానికి పడతాను.

"ఆరబెట్టే తూచారు కదా బాబాయ్?" అని మేనేజరమ్మ అడిగింది.

"ఆరింది మేడమ్" అన్నాడు.

గుడ్డతో తుడిచినా, ఫ్యాన్ కింద పెట్టినా ఆరినట్టే కదా అని లోపల ఒక సమర్థన సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఆయన నోట్లోంచి ముప్ఫై ఏళ్ళలో ఒక్క తప్పు అంకె రాలేదు, ఎందుకు వేస్తుంది? ఆయన సంతకం పెట్టాడు. పిన్నుని కాగితంలో చుట్టి, పైన ముందు తూకమూ తర్వాత తూకమూ రాసి, తేమ పీల్చే గుళికలు పోసిన గాజు పెట్టెలో అడుగు అరలో దాచాడు. కొత్త కాయిల్ వచ్చాక ఎటూ ఆరబెట్టి చూస్తాను కదా అనుకున్నాడు. కాయిల్ వచ్చింది. పొట్లం సంగతి మరిచిపోయానని ఆయన తర్వాత చెప్పాడు. అది పూర్తి నిజం కాదని ఆయనకీ తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావమరిదిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "మూడు రోజులు నీళ్ళలో రుద్దితే ఎంత అరిగిందో తెలుసా? ఒక్క ఆవగింజరా! ఒక్కటంటే ఒక్కటి!"

"అబ్బో, అయితే మా డ్రమ్ములకి ఇక చావు లేదు" అన్నాడు వాడు. అక్క ఇద్దరికీ ఇంకో గరిటె వడ్డించింది.

బుష్షులు తయారై డ్రమ్ములకి బిగించేసరికి మూడు నెలలు పట్టింది. బిగించినవాడు బావమరిదే. "నీ బుష్షులు పడ్డాక డ్రమ్ము కొత్త పెళ్ళికూతురులా తల వంచుతోంది బావా" అన్నాడు. బాబాయ్ ఆ మాట ఫ్యాక్టరీలో కనీసం పదిమందికి చెప్పుంటాడు.

బుష్షులు బిగించి నాలుగు నెలలు దాటాక ఒక గురువారం. బాబాయ్ రిటైరవడానికి ఇంకా పది రోజులుంది. బల్ల సొరుగులు ఖాళీ చేసి, గాజు పెట్టె తుడుస్తుంటే అడుగు అరలో పొట్లం దొరికింది. విప్పాడు. ఇలాంటి మనిషి చేతికి పిన్ను దొరికితే ఏం చేస్తాడు? తీసుకెళ్ళి తూకం మెషిన్ మీద పెట్టాడు.

కాగితం మీద రాసిన చివరి తూకం కంటే ముప్ఫై ఒక్క మిల్లీగ్రాములు తక్కువ చూపించింది.

పెట్టెలో కూర్చున్న పిన్ను అరగదు. ఏడు నెలల్లో గుళికలు దానిలోని నీళ్ళన్నీ నెమ్మదిగా పీల్చేశాయి. ఇదీ అసలు బరువు. అంటే అరిగింది రెండు కాదు, ముప్ఫై మూడు. పదహారు రెట్లు. నీళ్ళలో పొరే కట్టలేదు, జారుడు పొడి కొట్టుకుపోయింది, గాజు పోగులు తేలి ఇరుసుని గీకుతూ ఉన్నాయి. అయిదేళ్ళు రావాల్సిన బుష్షు నాలుగు నెలలు వస్తుంది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నాలుగు నెలల పన్నెండు రోజులైంది.

మేనేజరమ్మ గది అక్కడికి పది అడుగులు. తలుపు తెరిచే ఉంది, ఆవిడ ఏదో రాసుకుంటూ కనిపిస్తోంది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. అప్పుడు గోడ మీద కాగితం కంటపడింది. రెండు తూకాలూ కలిస్తేనే రాయాలి.

ఇది ఒక్క తూకమే కదా అనుకున్నాడు. ఇంకా ఓవెన్‌లో పెట్టలేదు. తొందరపడి నోరు జారితే ఎనిమిది డ్రమ్ములు ఆగిపోతాయి, మూడు ఆసుపత్రుల్లో దుప్పట్లుండవు, మేనేజరమ్మకి మాట వస్తుంది, డబ్బా మీద ఉన్న పేరు మట్టిలో కలుస్తుంది. రేపు ఇదే సమయానికి రూఢిగా తెలిసిపోతుంది, ఒక్క రోజులో కొంప మునగదు. ఆ పిన్నుని ఓవెన్‌లో పెట్టి గడియారం చూసి టైము రాసుకున్నాడు. నాలుగూ పది. ఏడు నెలల క్రితం పాటించి తీరాల్సిన నియమాన్ని ఆయన ఆ రోజు తు.చ. తప్పకుండా పాటించాడు.

అయినా మనసు ఊరుకోలేదు. సాయంత్రం షెడ్డు వెనక్కి వెళ్ళి బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఏంటి బావా, ఈ టైములో? అక్క బాగానే ఉందా?"

"బాగానే ఉంది. డ్రమ్ములు ఎలా ఉన్నాయిరా?"

"డ్రమ్ముల యోగక్షేమాలు కనుక్కోడానికి ఫోనా!" వాడు నవ్వాడు. "బాగానే ఉన్నాయి. మూడోది వంగేటప్పుడు కొంచెం కిర్రుమంటోంది. రేపు మధ్యాహ్నం ఖాళీ చూసుకుని విప్పుతాలే."

దాన్ని ఇప్పుడే ఆపెయ్యి అన్న మాట బాబాయ్ గొంతుదాకా వచ్చింది.

"జాగ్రత్త" అన్నాడు.

"ఏం జాగ్రత్త బావా, నీ ఆవగింజ ఉండగా" అని వాడు పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున ఆయన ఓవెన్ తలుపు దగ్గరికి ఆరుసార్లు వెళ్ళి అద్దంలోంచి చూసి వచ్చాడు. పదకొండున్నరకి లాండ్రీ నుంచి ఫోన్ వచ్చింది. మూడో డ్రమ్ము వంగినప్పుడు దుప్పటి అంచుకి చుట్టుకుంది. లాగుతున్న ఇద్దరు ఆడవాళ్ళని తప్పుకోమని బావమరిది తానే చెయ్యి పెట్టాడు. అరిగిపోయిన బుష్షులో ఇరుసు పక్కకి జరిగింది, డ్రమ్ముని పట్టి ఆపాల్సిన కొక్కెం తప్పిపోయింది. డ్రమ్ము మొత్తం బరువుతో కిందికి వచ్చేసింది. కుడిచెయ్యి మోచేతి కింద నుంచి లేదు.

బాబాయ్ ఫోన్ పెట్టేసి పది అడుగులు నడిచాడు. మేనేజరమ్మ ముందు నిలబడి మొత్తం చెప్పాడు. కాయిల్, గుడ్డ, ఫ్యాను, పొట్లం, ముప్ఫై ఒకటి. ఆవిడ వెంటనే ఫోన్ అందుకుంది. మిగిలిన ఏడు డ్రమ్ములూ ఆగిపోవడానికి పది నిమిషాలు పట్టింది. నిన్న చేసినా అంతే పట్టేది.

ఆయన ఆసుపత్రికి పోయాడు. నాలుగూ పదికి ఓవెన్ లోంచి పిన్ను తీసి తూచింది మేనేజరమ్మే.

మూడు రోజులకి బావమరిదికి బాగా తెలివొచ్చింది. మంచం పక్కన ఒకే స్టూలు ఉంది, దాని మీద బాబాయ్ కూర్చున్నాడు. అక్క మంచానికి అవతల నిలబడి ఫ్లాస్కులోంచి పాలు గ్లాసులో పోస్తోంది. వాడి మీద కప్పిన దుప్పటి మూలకి వాళ్ళ లాండ్రీ ముద్రే ఉంది. కుడిచేతి వైపు దుప్పటి సగంలోనే చదునైపోయింది. బాబాయ్ అటు చూడలేకపోయాడు, వేరే చోట చూడటానికీ కళ్ళు ఒప్పుకోలేదు.

"అక్కా, బావకి చెప్పవే, ఆ మొహం మార్చుకోమని" అన్నాడు వాడు, గొంతు పీలగా. "బావా, బుష్షు తప్పు కాదు. ఆ మూడోది మొదట్నించీ తిక్కదే. రాసిందాన్ని చదువుకోకుండా చెయ్యి పెట్టింది నేను. ఎవరైనా నీ వైపు వేలు చూపిస్తే నేను ఊరుకోను."

బాబాయ్ అడ్డంగా తలూపాడు.

"బుష్షు తప్పేరా. నేను ఆరబెట్టకుండా తూచాను. ఆరిందని చెప్పాను."

అక్క పాలు పోయడం ఆపింది.

"పోనీలే బావా" అన్నాడు వాడు. "నీకు మాత్రం ఏం తెలుసు, ఇలా అవుతుందని."

ఆ మాటతో ఆయన బయటపడిపోవచ్చు. వాడు తలుపు తెరిచి పట్టుకున్నాడు. మేనేజరమ్మ కూడా ఆ గురువారం సంగతి ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. ఇక్కడ మాత్రం ఆయన తప్పించుకోలేదు. అది ఆయన ఖాతాలో నేను రాసే ఒక్క మంచి మాట.

"తెలుసు" అన్నాడు. "ముందు రోజే తెలుసు. పొట్లం దొరికింది, తూచాను. నీకు ఫోన్ చేసేటప్పటికే తెలుసు."

వాడు బావ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"మరి చెప్పలేదేం బావా?"

"రెండోసారి కూడా తూచి చెబుదామనుకున్నాను."

"తూచావా?"

"మేడమ్ తూచింది."

వాడు కళ్ళు మూసుకున్నాడు. అలా మూసుకునే అడిగాడు.

"మొదటిదానికీ రెండోదానికీ ఎన్ని ఆవగింజలు తేడా వచ్చింది?"

బాబాయ్ జీవితంలో అబద్ధపు అంకె ఒక్కటే చెప్పాడు. రెండోది చెప్పలేకపోయాడు.

"అర గింజ" అన్నాడు.

అక్క ఫ్లాస్కు మూత బిగించింది. మంచం చుట్టూ తిరిగి వచ్చి, "లేవండి" అంది. ఆయన లేచాడు. ఆవిడ స్టూలుని తమ్ముడి తల దగ్గరికి లాక్కుని, మొగుడికి వీపు పెట్టి కూర్చుంది.